విశాఖలో ఇంటికొచ్చి చేసే గీజర్ సర్వీసింగ్: మీటర్ తీసినవాళ్లకే మార్కులు

నవంబరు చివరికల్లా వైజాగ్ అపార్ట్‌మెంట్లలో ఒకటే ఫిర్యాదు. గీజర్ లైటు వెలుగుతుంది, నీళ్లు మాత్రం గోరువెచ్చగానే వస్తాయి. దీనికి ఊళ్లో మూడు దారులున్నాయి. కంపెనీ సర్వీస్ సెంటర్‌కి ఫోన్ చేయొచ్చు, యాప్‌లో టెక్నీషియన్‌ని బుక్ చేసుకోవచ్చు, వీధి చివరి ఎలక్ట్రికల్ షాపులో చెప్పి మనిషిని పిలిపించుకోవచ్చు. మూడింటి మంచిచెడ్డలూ కింద రాస్తున్నాను. అయితే ఎవరిని పిలిచినా చూడాల్సింది ఒకటే. వచ్చిన మనిషి స్పానర్ కంటే ముందు కరెంటు, వోల్టేజీ కొలిచే మీటర్ బయటికి తీశాడా లేదా? రాగానే మూత విప్పి "కాయిల్ పోయిందండీ, మార్చేద్దాం" అంటే అది సర్వీసింగ్ కాదు, కాయిల్ (నీళ్లను వేడిచేసే కడ్డీ) అమ్మకం. కాయిల్ మార్చాక కూడా నీళ్లు గోరువెచ్చగానే వచ్చే ఇళ్లు బోలెడున్నాయి, ఎందుకంటే లోపం కాయిల్‌లో లేదు.

మంచి సర్వీస్ ప్రశ్నలతో మొదలవుతుంది. అసలు వేడెక్కడం లేదా? వేడెక్కుతోంది కానీ ఆలస్యమా? లోపల వేడెక్కినా కుళాయి దగ్గరికి వచ్చేసరికి చల్లబడుతోందా? పైకి మూడూ ఒకేలా కనిపిస్తాయి, కారణాలు మాత్రం వేరు. ఈ మూడూ అడగకుండా పని మొదలుపెట్టేవారి చేతికి గీజర్ ఇవ్వకపోవడం మంచిది.

ఆలస్యమా కాదా అన్నది లెక్కేసి చెప్పొచ్చు. లీటర్లను 4.2తో, పెరగాల్సిన డిగ్రీలతో గుణించి, కిలోవాట్లతో భాగిస్తే సెకన్లు వస్తాయి. 15 లీటర్ల ట్యాంకు, 2000 వాట్ల కాయిల్, 25 డిగ్రీల నీళ్లు 60కి చేరాలంటే 1100 సెకన్లు, అంటే 18 నిమిషాలు. 25 లీటర్లదైతే అదే కాయిల్‌తో అరగంట. ట్యాంకు గోడల్లోంచి పోయే వేడికి ఇంకో రెండు మూడు నిమిషాలు కలుపుకోండి. 15 లీటర్ల గీజర్ 20 నిమిషాలకు కటాఫ్ అవుతుంటే అది ఆరోగ్యంగా ఉన్నట్టే. ఐదు నిమిషాలకే లైటు ఆరిపోయినా తేడానే, ముప్పావుగంట వెలుగుతూనే ఉన్నా తేడానే.

వంటింట్లో పెట్టే 3 లీటర్ల ఇన్‌స్టంట్ గీజర్ల మీద వచ్చే ఫిర్యాదుల్లో చాలావాటికి సర్వీసింగే అక్కర్లేదు. 3000 వాట్ల కాయిల్ ఆగకుండా పారే నీటిని 15 డిగ్రీలు పెంచాలంటే నిమిషానికి మూడు లీటర్ల లోపే పారాలి. కుళాయి పూర్తిగా తిప్పి నిమిషానికి ఆరు లీటర్లు వదిలితే పెరిగేది ఏడు డిగ్రీలే. ఈ సంగతి ఫోన్‌లోనే చెప్పి, రాకపోకల చార్జీ మిగిల్చిన సర్వీస్ వాళ్లకి నిండా మార్కులు వేయాలి.

ఇక మీటర్ సంగతి. మొదట సాకెట్ దగ్గర వోల్టేజీ చూడాలి, అదీ గీజర్ నడుస్తుండగా. కాయిల్ వేడి వోల్టేజీ వర్గాన్ని (స్క్వేర్‌ని) బట్టి మారుతుంది. 230 వోల్టుల దగ్గర 2000 వాట్లు ఇచ్చే కాయిల్ 200 వోల్టుల దగ్గర 1500 వాట్లే ఇస్తుంది, 18 నిమిషాల పని 24 నిమిషాలకు పోతుంది. ఇందులో గీజర్ తప్పేమీ లేదు. గీజర్ ఆపి ఉన్నప్పుడు 230 చూపించి, వేయగానే 205కి పడిపోతే ఇంటి వైరింగులో ఎక్కడో కనెక్షన్ వదులైంది, లేదా వైరు సన్నగా ఉంది. 2000 వాట్లకు 8.7 ఆంపియర్లు పారుతుంది. దానికి 16 ఆంపియర్ల సాకెట్, కనీసం 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు ఉండాలి. లాసన్స్ బే కాలనీ, పెదవాల్తేరు, బీచ్ రోడ్డు వైపు ఇళ్లలో ఉప్పుగాలికి సాకెట్ లోపలి పిన్నులకు పచ్చటి చిలుము పడుతుంది. చిలుము పట్టిన చోట కరెంటుకు అడ్డు పెరుగుతుంది, అక్కడే వేడెక్కుతుంది, ప్లగ్ టాప్ పసుపెక్కి కరుగుతుంది. ప్లగ్ మీద చెయ్యి వేస్తే కాలుతోందంటే గీజర్ మూత విప్పే ముందు ఆ సాకెట్ మార్చాలి. ఈ ఊళ్లో ఈ పరీక్ష తప్పనిసరి, ఎక్కువమంది వదిలేసేదీ ఇదే.

తర్వాత క్లాంప్ మీటర్‌ను (వైరు విప్పకుండానే దాని చుట్టూ పట్టి కరెంటు కొలిచేది) ఫేజ్ వైరుకు తగిలించి కరెంటు చూడాలి. ఎనిమిదిన్నర ఆంపియర్ల చుట్టూ చూపిస్తే కాయిల్ పని చేస్తోందని అర్థం, దాన్ని మార్చాల్సిన పని లేదు. సున్నా చూపిస్తే మెయిన్ ఆపి, ఎంసీబీ (బోర్డులో గీజర్ లైను కట్ చేసే స్విచ్) దించి, కాయిల్ వైర్లు విప్పి ఓమ్‌లు కొలవాలి. 2000 వాట్ల కాయిల్‌కి 26 ఓమ్‌ల చుట్టూ రావాలి, 3000 వాట్లదానికి దాదాపు 18. మీటర్ అంతులేని నిరోధం చూపిస్తే కాయిల్ తెగినట్టే. కాయిల్ సరిగ్గానే ఉందంటే కరెంటు దాని దాకా చేరడం లేదన్నమాట. అప్పుడు పెట్టిన వేడికి చేరగానే కరెంటు ఆపే థర్మోస్టాట్, అది విఫలమై వేడి మితిమీరితే ఆపే థర్మల్ కటౌట్ చూడాలి. చాలా మోడళ్లలో కటౌట్ మీద చిన్న రీసెట్ బటన్ ఉంటుంది. అది నొక్కగానే టక్కుమని గీజర్ బాగుపడొచ్చు, కానీ అంతటితో వదిలేసి వెళ్లకూడదు. కటౌట్ పడిందంటే లోపల మితిమీరి వేడెక్కింది, ఎందుకో తేల్చాలి.

మరో పరీక్ష కాయిల్ పిన్నుకూ ట్యాంకు బాడీకీ మధ్య. అక్కడ దారి అసలు ఉండకూడదు. కాయిల్ పైతొడుగు చిట్లి నీరు లోపలికి దిగితే గీజర్ వేడెక్కుతూనే ఉంటుంది, కానీ ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సరఫరా ఆపే స్విచ్) మాటిమాటికీ పడుతుంది. ఆర్‌సీసీబీ లేని ఇంట్లో కుళాయి ముట్టుకుంటే జివ్వుమంటుంది. అప్పుడు బేరాల్లేవు, కాయిల్ మార్చాల్సిందే. 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ లేకుంటే అది కూడా పెట్టించుకోండి.

ఇప్పుడు ఉప్పు సంగతి. మన ఇళ్లలో ఉప్పు అంటాం కానీ కాయిల్ మీద పేరుకునే తెల్లటి పెంకు ఎక్కువగా సున్నమే. నీళ్లలో కరిగి ఉన్న కాల్షియం బైకార్బొనేట్ వేడికి విడిపోయి కాల్షియం కార్బొనేట్‌గా అంటుకుంటుంది. "ఉప్పు పట్టింది కాబట్టి వేడి రావట్లేదు" అని ప్రతి టెక్నీషియనూ అంటాడు. ఇది సగం నిజం. కాయిల్ నీళ్లలో మునిగి ఉన్నంతవరకూ అది తీసుకునే కరెంటు మారదు, ఆ వేడి నీళ్లలోకి కాక మరెక్కడికీ పోదు. పెంకు వల్ల వచ్చే అసలు నష్టాలు రెండు. కాయిల్ పైతొడుగు లోలోపల మరీ కాగిపోయి, ఒకరోజు చిట్లుతుంది. ఇక థర్మోస్టాట్ కడ్డీ కూర్చునే గొట్టం కాయిల్ పక్కనే ఉంటుంది. రెండింటి మధ్య సున్నం గట్టిపడి వంతెనలా కలిసిపోతే, కాయిల్ వేడి నేరుగా థర్మోస్టాట్‌కి తగులుతుంది. నీళ్లు ఇంకా 35 డిగ్రీల దగ్గర ఉండగానే అది చాలనుకుని కరెంటు కట్ చేస్తుంది. ఐదారు నిమిషాలకే లైటు ఆరి, నీళ్లు గోరువెచ్చగా వచ్చే గీజర్లలో ముందు అనుమానించాల్సింది దీన్నే. ఇక్కడ కాయిల్ మార్చినా, థర్మోస్టాట్ మార్చినా పని అయినట్టే కనిపిస్తుంది, ఎందుకంటే మార్చడానికి విప్పినప్పుడు సున్నం రాలిపోతుంది. శుభ్రం చేయడంతో అయ్యే పనికి మనం విడిభాగం ఖరీదు కడతాం.

శుభ్రం చేయడంలో "సర్వీసింగ్" అన్న మాటకు ఒక్కొక్కరి దగ్గర ఒక్కో అర్థం ఉంది. పైమూత తుడిచి, డ్రెయిన్ తిప్పి రెండు బకెట్ల నీళ్లు వదిలేసి సర్వీసింగ్ అయిందనేవాళ్లున్నారు. దానికి డబ్బు ఇవ్వాల్సిన పని లేదు. అసలు పని ఇలా జరగాలి. ఎంసీబీ దించాలి. చన్నీళ్ల వాల్వ్ కట్టేసి, వేన్నీళ్ల కుళాయి తెరిచి, ట్యాంకు పూర్తిగా ఖాళీ చేయాలి. వైర్లు ఎక్కడివక్కడ ఫోటో తీసుకుని విప్పాలి. కాయిల్ కూర్చున్న ఫ్లాంజ్ (లోహపు పలక) నట్లు తీసి కాయిల్ మొత్తం బయటికి లాగాలి. ఆ రంధ్రంలోంచి ట్యాంకు అడుగున చేరిన సున్నపు పెచ్చుల్ని చేత్తో, ప్లాస్టిక్ గరిటెతో తోడెయ్యాలి. స్క్రూడ్రైవర్ పెట్టి గోకితే గ్లాస్ లైనింగ్ ట్యాంకులో (లోపల గాజు పూత ఉండేది) పూత పెచ్చు లేచి, అక్కడి నుంచే తుప్పు మొదలవుతుంది.

కాయిల్ మీది పెంకును సుత్తితో కొట్టడం తప్పు. లీటరు నీటికి 50 గ్రాముల నిమ్మ ఉప్పు కలిపి, ఆ బకెట్లో కాయిల్‌ను ముంచి ఉంచాలి. కరెంటు పిన్నులు మాత్రం తడవకూడదు. గోరువెచ్చటి నీళ్లయితే గంటా రెండు గంటల్లో బుడగలు వచ్చి పెంకు వదులవుతుంది. మొండిగా ఉంటే నీళ్లు మార్చి మళ్లీ నానబెట్టాలి. కొందరు తొందరలో బాత్రూం కడిగే యాసిడ్ వాడతారు. నిమిషాల్లో తెల్లగా మెరుస్తుంది నిజమే, కానీ అది హైడ్రోక్లోరిక్ ఆమ్లం. రాగి కాయిల్‌ని తినేస్తుంది, స్టీలు ట్యాంకులో సన్నటి రంధ్రాలు పొడుస్తుంది. యాసిడ్ సీసా బయటికి తీసినవాళ్లను అక్కడే ఆపండి.

బిగించేటప్పుడు పాత గాస్కెట్‌నే (నీళ్లు కారకుండా ఫ్లాంజ్ కింద వేసే రబ్బరు) మళ్లీ వేయకూడదు. ఒకసారి నలిగి, వేడికి గట్టిపడ్డ రబ్బరు మళ్లీ సరిగ్గా కూర్చోదు. కొత్త గాస్కెట్ వేసి, నట్లను ఎదురెదురుగా కొంచెం కొంచెంగా బిగించాలి. ఆపైన వేన్నీళ్ల కుళాయి తెరిచి పెట్టి నీళ్లు ఎక్కించాలి. కుళాయిలో గాలి తుమ్మడం ఆగి ధార నిలకడగా వచ్చాకే కరెంటు ఇవ్వాలి. ఖాళీ ట్యాంకులో స్విచ్ వేస్తే కొత్త కాయిల్ కూడా క్షణాల్లో కాలిపోతుంది.

కాయిల్ నిజంగానే పోయుంటే దేనితో మారుస్తున్నారో చదివి తీరాలి. కాయిల్ ఫ్లాంజ్ మీద వాట్లు చెక్కి ఉంటాయి. 2000 వాట్ల చోట 1500 వాట్లది పెడితే 15 లీటర్లకు 24 నిమిషాలు పడుతుంది, "కొత్త కాయిల్ వేసినా ఆలస్యమే" అన్న ఫిర్యాదు అక్కడే పుడుతుంది. బోరు నీళ్ల ఇంటికి రాగి తొడుగు కంటే ఇంకాలాయ్ (నికెల్ కలిసిన మిశ్రలోహం) తొడుగు కాయిల్ మేలు. ఖరీదు ఎక్కువైనా తీసుకోదగ్గదే.

మూడు రకాల సర్వీసుల్లోనూ ఎక్కువగా జారిపోయేది మూడో ఫిర్యాదు, ట్యాంకులో వేడి ఉండి కుళాయిలో లేకపోవడం. నిలువు గీజర్లో రెండు పైపులూ అడుగునే కనిపిస్తాయి. చన్నీళ్ల పైపు నీళ్లను అడుగునే వదులుతుంది, వేన్నీళ్ల పైపు మాత్రం లోపల పైదాకా లేచి అక్కడి వేడి నీటిని అందుకుంటుంది. నీలం, ఎరుపు వాషర్ల గుర్తులు చూడకుండా రెండు కనెక్షన్లూ తారుమారు చేస్తే చన్నీళ్లు పైన పడి, అడుగు నీళ్లు కుళాయికి వస్తాయి. రంగులేయించాకో, టైల్స్ మార్చాకో మొదలైన గోరువెచ్చని నీళ్లకు ముందు చూడాల్సింది ఇదే. పాత గీజర్లో ఆ లోపలి పైపు తుప్పుపట్టి మధ్యలో చిల్లు పడినా ఇదే లక్షణం.

అంతకంటే మామూలుగా కనిపించేది మిక్సర్ కుళాయి. గోడలోని డైవర్టర్ కాట్రిడ్జ్ (చన్నీళ్లు, వేన్నీళ్ల దారి మార్చే లోపలి భాగం) అరిగితే, చన్నీళ్ల ఒత్తిడి ఎక్కువగా ఉన్నప్పుడు అవి వేన్నీళ్ల పైపులోకి దారి చేసుకుంటాయి. దీనికి పరికరం ఏదీ అక్కర్లేదు. గీజర్ ఆపి, దాని కింద చన్నీళ్ల వాల్వ్ పూర్తిగా కట్టేసి, కుళాయిని వేన్నీళ్ల వైపు తిప్పండి. కాసేపట్లో నీళ్లు ఆగిపోవాలి. ధార ఆగకుండా వస్తూనే ఉంటే ఎక్కడో చన్నీళ్లు కలుస్తున్నాయి, గీజర్ నిర్దోషి. అప్పుడు పిలవాల్సింది ప్లంబర్‌ని. ఇలాంటి ఇంట్లో గీజరే మార్చేయమని సలహా ఇచ్చేవాళ్లున్నారు, అది ఒప్పుకోదగ్గ విషయం కాదు.

థర్మోస్టాట్ నాబ్ ఎక్కడుందో చూడటం కూడా సర్వీసులో భాగమే. 15 లీటర్ల నీళ్లు 60 డిగ్రీల దగ్గర ఉంటే, 25 డిగ్రీల నీళ్లు కలుపుకుని 40 డిగ్రీల స్నానపు నీళ్లు 35 లీటర్లు వస్తాయి, ఇంచుమించు రెండు బకెట్లు. నాబ్ 45 దగ్గర ఉంటే వచ్చేవి 20 లీటర్లే. రెండోవాళ్లకి నీళ్లు చాలడం లేదనే ఇంట్లో ముందు నాబ్ తిప్పి చూడాలి. అయితే 75 దాకా తిప్పేయడమూ మంచిది కాదు, వేడి పెరిగేకొద్దీ సున్నం వేగంగా దిగుతుంది. 55 నుంచి 60 చాలు.

ఎన్నాళ్లకోసారి ఇదంతా చేయించాలన్నది మీ నీళ్లను బట్టి ఉంటుంది, కంపెనీ క్యాలెండర్‌ను బట్టి కాదు. ముడసర్లోవ, మేహాద్రిగెడ్డ, తాటిపూడి, రైవాడ, ఏలేరు కాలువ నుంచి వచ్చే జీవీఎంసీ (విశాఖ నగరపాలక సంస్థ) కుళాయి నీళ్లు వాడే ఇంటికీ, బోరూ ట్యాంకర్ల మీద నడిచే అపార్ట్‌మెంటుకీ ఒకే లెక్క పనికిరాదు. తాగునీటికి భారతీయ ప్రమాణం ఐఎస్ 10500 కఠినత్వాన్ని లీటరుకు 200 మిల్లీగ్రాముల దాకా మంచిదంటుంది, వేరే దారి లేకపోతే 600 దాకా ఒప్పుకుంటుంది. నీటి పరీక్షలో మీ అంకె 200 లోపుంటే రెండేళ్లకోసారి విప్పి చూస్తే సరిపోతుంది. 400 దాటితే ఏటా చలికాలానికి ముందే విప్పించండి. సముద్రానికి దగ్గరి బోర్లలో క్లోరైడ్ కూడా చూడాలి, మంచి హద్దు 250 మిల్లీగ్రాములు. అది ఎక్కువగా ఉన్నచోట స్టీలు ట్యాంకు కంటే గ్లాస్ లైనింగ్ ట్యాంకు మేలు.

గ్లాస్ లైనింగ్ ట్యాంకులో మెగ్నీషియం రాడ్ ఒకటి వేలాడుతుంది. ట్యాంకు తినాల్సిన తుప్పును అది తింటుంది. సగానికి పైగా అరిగినా, లోపలి తీగ బయటపడినా మార్చాలి. విప్పినప్పుడు ఆ రాడ్‌ను తీసి మీకు చూపించని సర్వీసుకు సగం మార్కులే. అపార్ట్‌మెంటులో సాఫ్ట్‌నర్ ప్లాంటు ఉంది కదా అని రాడ్ వదిలేయకూడదు. అది సున్నాన్ని తగ్గిస్తుంది, నీళ్లలోని లవణాలు అలాగే ఉంటాయి.

ఇక ఎవరిని పిలవాలి? వారంటీలో ఉన్న గీజర్‌కి కంపెనీ సర్వీస్ సెంటరే. బయటివాళ్లు విప్పితే వారంటీ చిక్కుల్లో పడుతుంది, సరైన కొలత గాస్కెట్టు, థర్మోస్టాట్ వాళ్ల దగ్గరే దొరుకుతాయి. విడిభాగాల విషయంలో 5కి 4. లోపం వెతకడంలో 3 దాటదు. గీజర్ దాకా చూస్తారు, దాని అవతల పైపు, సాకెట్, మిక్సర్ తమ పని కాదంటారు. సీజన్లో ఆలస్యం ఎటూ తప్పదు, అందుకే దసరా నాటికే చెప్పిపెట్టుకోవడం మంచిది.

యాప్ సర్వీసుల్లో రేటు ముందే కనిపిస్తుంది, చెప్పిన టైముకు వస్తారు, ఆ రెండింటికీ మెచ్చుకోవాలి. నాణ్యత మాత్రం వచ్చిన మనిషిని బట్టే. బుక్ చేసేటప్పుడు "కాయిల్ బయటికి తీసి శుభ్రం చేయడం" ఆ ప్యాకేజీలో ఉందో లేదో చదవండి. లేకుంటే అది మూత తుడిచే సర్వీసే. 5కి 3.

వారంటీ దాటిన గీజర్‌కి నా ఓటు వీధిలోని మంచి ఎలక్ట్రీషియన్‌కే. ఆ బిల్డింగు ట్యాంకు నీళ్లేమిటో, ఏ అంతస్తులో ఒత్తిడి ఎంతో, వైరింగు ఎవరు ఎలా వేశారో అతనికి తెలుసు. క్లాంప్ మీటర్ ఉన్నవాడైతే 4. టెస్టర్ ఒక్కటే జేబులో పెట్టుకుని వచ్చేవాడైతే 2.

ఎవరైనా సరే, కొన్ని పనులు చేస్తామంటే ఒప్పుకోకండి. థర్మోస్టాట్ దొరకలేదని "డైరెక్ట్" చేయడం, అంటే అది లేకుండానే వైర్లు నేరుగా కలిపేయడం, వాటిలో మొదటిది. అప్పుడు ఆపడానికి కటౌట్ ఒక్కటే మిగులుతుంది, అదీ పనిచేయకపోతే నీళ్లు మరిగి ట్యాంకు పేలే ప్రమాదం నిజంగా ఉంది. సేఫ్టీ వాల్వ్ కారుతోందని మూసేయడం అంతకన్నా చెడ్డది. 15 లీటర్ల నీళ్లు 25 నుంచి 60 డిగ్రీలకు పోతే ఒక గ్లాసు నీళ్లంత ఉబ్బుతాయి, ఆ గ్లాసుడూ బయటికి పోవడానికే వాల్వ్ ఉంది. వేడెక్కేటప్పుడు నాలుగు చుక్కలు పడటం సహజం. ఆపి ఉన్నప్పుడూ ఆగకుండా కారితే వాల్వ్ మార్చాలి. మధురవాడ, యెండాడ వైపు ఎత్తయిన టవర్లలో కింది అంతస్తులవాళ్లు వాల్వ్ మీది అంకె చూసుకోవాలి. పైట్యాంకు ప్రతి 10 మీటర్ల ఎత్తుకూ ఒక బార్ ఒత్తిడి, 60 మీటర్లకు 6 బార్లు. గీజర్, వాల్వ్ రెండూ 8 బార్లవి అయితేనే నిశ్చింత.

పని అయిందన్నాక వెంటనే డబ్బు ఇచ్చేయకండి. గీజర్ వేసి క్లాంప్ మీటర్ అంకె మీ కళ్లతో చూడండి. ఇరవై నిమిషాలు ఆగి లైటు దానంతటది ఆరిందో లేదో చూసి, మొదటి మగ్గు నీళ్లలో థర్మామీటర్ పెట్టండి. చన్నీళ్లతో ఉన్నప్పుడు కారని గాస్కెట్ వేడెక్కాక కారొచ్చు, అందుకని పైమూత బిగించడం ఈ ఇరవై నిమిషాల తర్వాతే జరగాలి. కాయిల్ మార్చి ఉంటే పాతది అడిగి తీసుకుని, దాని ఓమ్‌లు మీ ఎదుటే కొలిపించండి. బిల్లులో విడిభాగం పేరు, వాట్లు, పనిచార్జీ వేర్వేరుగా రాయించుకోండి, మూడు నెలల్లో మళ్లీ అదే లోపం వస్తే అడగడానికి ఆ కాగితమే ఆధారం.